వర్లీ చాల్‌లో చిన్నవ్వ

మక్తల్ చుట్టుపక్కల ఊళ్లలో బొంబాయి పేరు వినని ఇల్లుండదు. వానలు పడని ఏడల్లా ఏదో ఒక ఇంటి నుంచి ఎవరో ఒకరు మూట కట్టుకుని అటు వెళ్లినవాళ్లే. అయినా ఆ ఊరు ఎట్లా ఉంటుందని అడిగితే సరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ. వెళ్లినవాళ్లు పని చేసి వచ్చారు గాని ఊరు చూసి రాలేదు. మొన్న దసరా సెలవుల్లో నేను మా అవ్వను తీసుకుని వెళ్లివచ్చాను. అన్నీ చూశానని చెప్పలేను. చూసినంతవరకు రాస్తాను.

నేను మక్తల్ బడిలో పంతులును. అవ్వ పేరు బాలమ్మ, మా నాయినను కన్న తల్లి. నాయిన పాలు తాగే పిల్లవాడుగా ఉన్నప్పుడు పెద్ద కరువొచ్చి, ఇంటిల్లిపాదీ బొంబాయి వెళ్లారు. అవ్వ, తాత, అవ్వ తల్లిదండ్రులు, చెల్లెలు నాగమ్మ. సముద్రం ఒడ్డున ఏవో పెద్ద పెద్ద ఇళ్లు కడుతుంటే తట్టలు మోశారు. నాగమ్మకు అక్కడే ఒక తాపీపనివాడితో పెళ్లయింది. ఆ తరువాత అవ్వ తండ్రికి జబ్బు చేస్తే, ఆయనను తీసుకుని తాత, అవ్వ ఊరికి తిరిగివచ్చారు. తల్లి మాత్రం నీళ్లోసుకున్న నాగమ్మకు తోడుగా అక్కడే ఉండిపోయింది. కొన్నాళ్లకు మళ్లీ కలుద్దామనుకునే విడిపోయారు. అట్లా నలభై ఏళ్లు గడిచిపోయాయి.

మా ఊళ్లో ఖాజా మియా అని గాజుల వ్యాపారి ఉన్నాడు. సరుకు కోసం అప్పుడప్పుడు బొంబాయి వెళ్తాడు. శ్రావణమాసంలో అవ్వ చేతికి గాజులు వేస్తూ ఆయన అన్నాడు: "పెద్దమ్మా, బొంబాయిల ఒక ముసలామెను చూసిన. మిల్లు గేటు కాడ జొన్నరొట్టెలు అమ్ముతాంది. మాట మన మాటే. మాది మక్తల్ అన్నది. కోపమొస్తే మూతి గిట్ల తిప్పుతది, అచ్చం నీ లెక్కనే."

అవ్వ గాజుల చెయ్యి వెనక్కి తీసుకుంది. "పేరేంది?"

"పేరడగలె పెద్దమ్మా. కామాటోళ్ల జాగ అంటరు గద, గా దిక్కే."

అవ్వకు అప్పటికే ఒక కన్ను మసకబారింది. రాయచూరు డాక్టరు రెండో కంటికీ పొర కమ్ముతున్నదని చెప్పాడు. ఆ సాయంత్రం ఆమె నా దగ్గరికి వచ్చి, "కొడుకా, కండ్లు పోకముందే నన్ను బొంబాయి తోల్కపో" అంది. తాత అప్పటికే పోయాడు, నాయిన ససేమిరా అన్నాడు. గాజుల మియా మాట పట్టుకుని అంత ఊళ్లో ఒక ముసలామెను ఎక్కడని వెతుకుతారని ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కాని అవ్వ రెండు పూటలు అన్నం ముట్టలేదు. మూడో పూట నాయినే నాకు మూట కట్టి ఇచ్చాడు.

కృష్ణ నుంచి షోలాపూర్

కృష్ణ స్టేషన్‌లో మేం ఎక్కిన బండి పెట్టెలో కాలు పెట్టే చోటు లేదు. ఒక కన్నడ ఆడమనిషి తన కోళ్లబుట్టను ఒళ్లో పెట్టుకుని అవ్వకు జాగా ఇచ్చింది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా గుల్బర్గా వచ్చేదాకా ఇద్దరూ ఆగకుండా మాట్లాడుకున్నారు. దిగేటప్పుడు ఆమె అవ్వ కాళ్లకు దండం పెట్టింది. "ఏం చెప్పిందే?" అని అడిగితే, "కోడలి మీద చాడీలు. గవి ఏ భాషల చెప్పిన సమజైతయి" అంది అవ్వ.

షోలాపూర్ స్టేషన్‌లో దిగి నీళ్లు పడుతుంటే చుట్టూ తెలుగు వినబడింది. దుప్పట్లు అమ్మేవాడు తెలుగు, అరటిపండ్లు అమ్మే ఆమె తెలుగు. మన నల్లగొండ దిక్కు సాలెవాళ్లు ఎందరో మగ్గాలు వదిలి ఇక్కడి మిల్లుల్లో కుదిరారట. మా పెట్టెలోకే ఒకాయన ఎక్కాడు, పేరు మల్లయ్య, పోచంపల్లి మనిషి. అన్న ఇంట్లో మగ్గం ఇంకా ఆడుతున్నదని, తాను మాత్రం బొంబాయి మిల్లులో ఉన్నానని చెప్పాడు. రొట్టె విప్పి, షోలాపూర్ పల్లీల కారం మాకూ పెట్టాడు. మన కారంలో వెల్లుల్లి వేసి చాలనుకుంటాం. వీళ్లు పల్లీలు నూనె కక్కేదాకా దంచుతారు. అవ్వ రెండుసార్లు అడిగి పెట్టించుకుంది.

"చేతి మగ్గం ఎందుకు విడిచినవు నాయినా?" అని అవ్వ అడిగింది.

"చీర ఒక్కటి దిగాలంటే ఇంటిల్లిపాది కూసోవాలె అవ్వా. దారానికి ముడులు గట్టుడు, రంగుల ముంచుడు, మల్ల ముడులు విప్పుడు. మిల్లుల అయితే నేనొక్కన్ని నిలవడితే సాలు." ఆ మాట అని మిగిలిన రొట్టె మూట కట్టాడు. తరువాత, "గని మిల్లు బట్ట ఎవరు నేసిండ్రో ఎవరికెరుక?" అన్నాడు.

పూనా దాటాక కొండలు. బండి సొరంగంలో దూరినప్పుడల్లా అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, వెలుతురు రాగానే వదిలేసి ఏమీ ఎరగనట్టు కూర్చునేది. కొండ దిగాక కర్జత్ అనే స్టేషన్‌లో వేడివేడి ఆలుగడ్డ వడలు వచ్చాయి. నేను నోరు కాల్చుకున్నాను.

బోరీబందర్

బొంబాయిలో రైలు దిగే పెద్ద స్టేషన్‌ను అక్కడివాళ్లు బోరీబందర్ అంటారు. బయటికి వచ్చి వెనక్కి తిరిగి చూస్తే మెడ నొప్పి పుట్టింది. చార్మినార్ ఎరిగినవాణ్ణి, పెద్ద కట్టడాలు నాకు కొత్త కాదు. కాని ఇది స్టేషనో, కోటో, చర్చో తేల్చుకోలేకపోయాను. గుమ్మటాలు, బురుజులు, గోడల్లోంచి తొంగిచూసే రాతి పిట్టలు, కోతులు, పేరు తెలియని మొహాలు. కింద మనుషులు వాటివైపు కన్నెత్తి చూడకుండా పరుగెత్తుతున్నారు. మధ్యలో నిలబడిన నన్ను ఒకాయన గొడుగుతో పక్కకు నెట్టి వెళ్లిపోయాడు.

అవ్వ మాత్రం పెద్దగా ఆశ్చర్యపోలేదు. "గప్పుడు గూడ గిట్లనే ఉండె. ఇంత మసి లేకుండె" అంది.

ఎదురుగా ఇరానీ హోటల్లో కూర్చున్నాం. నల్లకుర్చీలు, పాలరాతి బల్లలు, గోడ నిండా అద్దాలు. గట్టి రొట్టెకు వెన్న రాసి ఇస్తారు, చాయ్‌లో ముంచుకుని తినాలి. హైదరాబాదులో కూడా ఇరానీలు ఉన్నారు గాని అక్కడి చాయ్ చిక్కన, తీపి. ఇక్కడిది పలుచన, వగరు. ధర మాత్రం ఎక్కువ.

నా చిన్నప్పటి చదువు నిజాం కాలపు ఉర్దూ బడిలో సాగింది. ఆ ధైర్యంతోనే బయలుదేరాను. హోటలు యజమానిని అదబుగా, "జనాబ్, కామాటిపుర తష్రీఫ్ లే జానే కా రాస్తా..." అని అడిగాను. అతను గల్లాపెట్టె మీద చేతులానించి నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నవాబ్‌సాబ్, ట్రామ్‌లో వెళ్లండి" అన్నాడు తన వంకర హిందీలో. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు తప్పు అర్థమైంది. తష్రీఫ్ లే జానా అంటే తమరు దయచేయడం, అది ఎదుటివాళ్లకు వాడాలి, మనకు మనం కాదు. ఆ తరువాత నేను బొంబాయిలో ఉన్నన్ని రోజులూ నాలుగు మాటల హిందీతోనే నెట్టుకొచ్చాను.

కామాటిపుర

ట్రామ్ కండక్టరు టికెట్టు ఇవ్వబోయి, మేం దిగే చోటు విని నావైపు ఒకలా చూశాడు. పక్కన అవ్వ ఉండేసరికి ఏమీ అనలేదు. ఎందుకట్లా చూశాడో దిగాక తెలిసింది.

మన దిక్కు నుంచి ఇళ్లు కట్టను వెళ్లిన కూలీలను అక్కడ కామాటీలు అంటారు. ఆ పేటకు ఆ పేరు వాళ్లవల్లే వచ్చింది. ఇప్పటికీ కొన్ని గల్లీల్లో తెలుగువాళ్లు కాపురాలు చేసుకుంటున్నారు. గుమ్మాలకు తోరణాలు, అరుగుల మీద ఆరబెట్టిన వడియాలు. కాని మేం వెళ్లింది వేరే గల్లీలోకి. అక్కడ ప్రతి గుమ్మంలోనూ మొహానికి పౌడరు రాసుకున్న ఆడపిల్లలు నిలబడి ఉన్నారు, పట్టపగలు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "అవ్వా, దారి తప్పినం, పోదం పా" అన్నాను.

అవ్వ కదలలేదు. ఎండ, నడక, ఆకలి. కళ్లు తిరిగాయో ఏమో, అక్కడే ఒక గడప మీద కూలబడింది. ఆ గుమ్మంలో నిలబడిన మనిషి లోపలికి పరుగెత్తి చెంబుతో నీళ్లు తెచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. అవ్వ తాగుతుంటే వంగి, "ఏ ఊరు పెద్దమ్మా?" అంది.

మన యాస విని నేను ఉలిక్కిపడ్డాను.

"మక్తల్ బిడ్డా. నీది?"

ఆమె చెంబు వెనక్కి అందుకుంది. "గా దిక్కే" అంది. ఊరి పేరు చెప్పలేదు. అవ్వా అడగలేదు. మేం ఎందుకు వచ్చామో అవ్వ చెప్పింది. మిల్లు గేటు, జొన్నరొట్టెలు, నాగమ్మ అనే పేరు.

"గీడనే కూసో పెద్దమ్మా, అడిగొస్త" అని ఆమె లోపలికి వెళ్లింది. బయటికి వచ్చినప్పుడు మొహం కడుక్కుని, తల దువ్వుకుని, కొంగు నిండుగా కప్పుకుని ఉంది. తాపీపనివాళ్లుండే పక్క గల్లీకి వెళ్లి, చాలాసేపటికి తిరిగివచ్చింది. "రొట్టెల నాగమ్మ అంటే అందరికెరుకే పెద్దమ్మా. గాని గీడ గాదు, వర్లీల ఉంటదట. కొడుకు మిల్లుల జేస్తడట. గీ బాట పట్టుకొని పోయి బస్సు ఎక్కుండ్రి."

అవ్వ లేచి ఆమె తల మీద చెయ్యి పెట్టింది. "సల్లగుండు బిడ్డా. ఎప్పుడన్న ఊరికొస్తే మక్తల్‌ల మా ఇంటికి రా. బాలమ్మ ఇల్లంటే ఎవరన్న సూపెడ్తరు."

ఆమె నావైపు చూసింది. ఈ మాటకు నేనేమంటానో అని చూసినట్టనిపించింది. "రా అక్కా" అన్నాను.

"వస్త పెద్దమ్మా" అని ఆమె కళ్లు దించుకుంది.

బస్సులో కూర్చున్నాక, ఆ గల్లీ సంగతి అవ్వకు ఎట్లా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. అవ్వే అంది: "నాకు సమజు గాలేదనుకుంటున్నవా? గప్పుడు గూడ ఉండె గా గల్లీ. దూప అయితాందంటే నీళ్లిచ్చింది. ఊరు దిరిగి అడిగొచ్చింది. మన సుట్టమే అయింది." తరువాత కిటికీవైపు తిరిగి కూర్చుంది.

వర్లీ

వర్లీలో చాళ్లు అని నాలుగేసి అంతస్తుల పొడవైన ఇళ్లున్నాయి. ఒక్కో అంతస్తులో మధ్యన చీకటి నడవ, దానికి రెండు పక్కలా వరుసగా గదులు. ఒక్కో గది ఒక్కో కుటుంబానికి. వంట, పడక, స్నానం అన్నీ అందులోనే. సిమెంటు గోడలు, జైలు కిటికీల్లాంటి కిటికీలు. మొదట చూసినప్పుడు వీటిలో మనుషులు ఎట్లా ఉంటారా అనిపించింది. నడవలోకి అడుగుపెట్టాక ఆ అనుమానం పోయింది. ఒక తలుపు దగ్గర తాళింపు, ఇంకో తలుపు దగ్గర ఏడుస్తున్న పిల్ల, మరో తలుపు దగ్గర పేకముక్కలతో పత్తాలాట. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గిన్నెలు నడుస్తూనే ఉన్నాయి.

అవ్వ మొదటి చాల్ ముందే ఆగిపోయింది. గోడ మీద అరచెయ్యి వేసింది. "గివే" అంది.

"ఏవి అవ్వా?"

"గీ ఇండ్లకే తట్ట మోసిన. అప్పుడు గీడ అంత గుట్ట, బురద. గోడలు లేస్తుంటే సముద్రం కనవడుతుండె."

నాలుగైదు చాళ్లు తిరిగాక ఒక కింది నడవలో రొట్టెలు తట్టే చప్పుడు వినబడింది. ఆ గది తలుపు తీసే ఉంది. లోపల ఒక ముసలామె పీట మీద కూర్చుని పిండి తడుతున్నది. పక్కన బుట్టలో రొట్టెల దొంతర. సన్నటి మనిషి, నుదుట పెద్ద పచ్చబొట్టు. మా నీడ పడేసరికి తలెత్తకుండానే, "ఎవరు గావాలె?" అంది.

దారి పొడుగునా అవ్వ ఏదో గొణుగుతూనే వచ్చింది. ఏం మాట్లాడాలో కూడబలుక్కుంటున్నదనుకున్నాను. తీరా అక్కడికి చేరాక ఆమె గడప మీద కూర్చుని, కాసేపు ఆ చేతులవైపు చూసి అన్న మాట ఇది: "ఇంక గూడ అంచులు మందంగనే తడుతున్నవు. అమ్మ ఎన్నిసార్లు చెప్పె నీకు."

ఆ చేతులు ఆగిపోయాయి. నాగమ్మ తలెత్తి చూసింది. పెనం మీద రొట్టె మాడి పొగ వస్తున్నా తియ్యలేదు. నేనే వెళ్లి తీశాను, చెయ్యి కాలింది.

అంతలో మిల్లు కూత వేసింది. నాగమ్మ మూతి ఒక పక్కకు తిప్పి, ఖాజా మియా చెప్పినట్టే, కళ్లు తుడుచుకుని మళ్లీ పిండి ముద్ద చేతిలోకి తీసుకుంది. మాకు చెరో కంచం పెట్టింది. రొట్టె, పండుమిరపకాయ తొక్కు, ఇన్ని ఉల్లిగడ్డలు. "తినుండ్రి" అని ఒక్క మాటే అని, బుట్ట నెత్తిన పెట్టుకుని మిల్లు గేటుకు వెళ్లిపోయింది. తిరిగివచ్చి ఖాళీ బుట్ట దించాకగాని అక్క పక్కన కూర్చోలేదు. కూర్చున్నాక అవ్వ మోకాలి మీద చెయ్యి వేసింది.

నాగమ్మను నేను చిన్నవ్వా అని పిలిచాను. ఆమె భర్త పోయి చాలా ఏళ్లయింది. ఒక్క కొడుకు, కోడలు, ఇద్దరూ మిల్లు పనివాళ్లే. తాపీపని మానుకుని మిల్లులో చేరాక ఆమె భర్తకు ఈ గది దొరికిందట. "మోసిన చోటనే ఖోలీ దొరికింది" అంది చిన్నవ్వ. అక్కడ గదిని ఖోలీ అంటారు.

ఆ రాత్రి నుంచి నేను నడవలో పడుకున్నాను. అక్కడ మగవాళ్లంతా నడవలోనే పడుకుంటారు. ఎవరి చోటు వారికి ఉంటుంది. తెలియక నేను ఒకాయన చోటులో పరుచుకుంటే, ఆయన మిల్లులో రాత్రి పాళీ పని ముగించుకుని వచ్చి, నన్ను లేపకుండా నా కాళ్ల దగ్గర ముడుచుకుని పడుకున్నాడు. పొద్దున చూసి సిగ్గుపడ్డాను. ఆయన మాత్రం, "చుట్టాలు కదా" అని మరాఠీలో నవ్వాడు.

గేట్‌వే

మరునాడు మిల్లుకు సెలవు. గేట్‌వే చూపించమని చిన్నవ్వను అడిగాను. బొంబాయి అనగానే పుస్తకాల్లో వేసే బొమ్మ అదే కదా. "నేను గూడ ఆడికి పోక శాన ఏండ్లయింది. గాడ ఎవరు రొట్టెలు కొంటరు?" అంటూనే కొత్త చీర కట్టుకుని బయలుదేరింది.

రెండంతస్తుల బస్సులో పై అంతస్తు ఎక్కాం. మలుపు తిరిగినప్పుడల్లా చెట్ల కొమ్మలు కిటికీలకు తగిలేవి. ముసలివాళ్లిద్దరూ ముందు సీటులో కూర్చుని, చిన్నపిల్లల్లా కమ్మీ పట్టుకున్నారు.

గేట్‌వే సముద్రంలోకి తెరిచిన దర్వాజా. ఇసుకపచ్చ రాయి, పైన నాలుగు బురుజులు, మధ్యన ఎత్తైన కమాను. దాని కింద నిలబడితే గాలి ఈల వేస్తుంది. హైదరాబాదు కమానుల కింద నుంచి బజారులోకి వెళ్తాం. దీని కింద నుంచి నీళ్లలోకి మెట్లు దిగుతాయి. ఎదురుగా పెద్ద గుమ్మటాల హోటలు. దాని గుమ్మం ముందు తలపాగా దర్బాను మమ్మల్ని చూసి మీసం సవరించుకున్నాడు. ఫోటోలు తీసేవాడు, పావురాలకు గింజలు అమ్మేవాడు, పడవవాళ్లు అందరూ ఒకేసారి మా మీద పడ్డారు. అవ్వ కమానువైపు చూసి, "మనం ఉన్నప్పుడు దీన్ని ఇంక కడుతుండిరి, నిండ వెదురు కట్టెలే కనవడుతుండె గదనే నాగీ" అంది.

"ఊఁ" అంది చిన్నవ్వ.

సముద్రపు గోడ మీద కూర్చున్నాం. నీళ్లవైపు చూస్తూనే చిన్నవ్వ అంది: "జొన్నలు కోసినంక వస్తనని పోతివి అక్క."

అవ్వ ఒడిలో కొంగు సర్దుకుంది.

"మన దిక్కు నుంచి మద్రాసు బండి వచ్చినప్పుడల్ల బోరీబందరుకు పోయి నిలవడిన. కడుపుతోటి. దిగినోళ్ల మొకాలన్ని చూసిన. తర్వాత పోవుడు బంద్ జేసిన."

"పోయినంక నాయిన లేవలే నాగీ" అంది అవ్వ. "జొన్నలు కోతకు రాకముందే పాయె. ఎన్కనే నాకు పిల్లలు. ఒక్కతాప చంకల పిల్లనెత్తుకొని కృష్ణ టేసన్ దాక నడిచొచ్చిన. మీ బావ ఎన్కనే వచ్చి తోల్కపాయె. బొంబాయి పేరెత్తితే ఇంట్ల పొయ్యి వెలగకపోతుండె."

చిన్నవ్వ తలతిప్పి మొదటిసారి అక్క మొహంలోకి నేరుగా చూసింది. "నాయిన ఎట్ల పోయిండు?"

అవ్వ చెప్పింది. దగ్గు, జ్వరం, చివర్లో మాట పడిపోవడం. ఊరి చెరువు కింద పాతిపెట్టిన చోటు. ఆ మాటలు నేను కూడా మొదటిసారి విన్నాను. చిన్నవ్వ ఏడవలేదు. ప్రతి మాటకూ తల ఊపింది.

"అమ్మ?" అని అవ్వ అడిగినప్పుడు ఆమె గొంతు నాకు గుర్తుపట్టరాకుండా ఉంది. ఈ నలభై ఏళ్లలో తల్లి పోయే ఉంటుందని అవ్వకు తెలుసు. ఎప్పుడు, ఎట్లా అన్నది తెలియదు.

"పిల్లగాడు పుట్టినంక ఆర్నెల్లకు. వానల్ల. మన గుడిసె కూలింది, తడిసింది, జ్వరమొచ్చింది. ఆఖరికి నన్ను నువ్వే అనుకుంది అక్క. నా చెయ్యి పట్టుకొని, జొన్నలు కోసిండ్రా బాలీ, అని అడిగింది."

"నువ్వేమన్నవు?"

"కోసినం, గింజ బాగ వచ్చింది అన్న."

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను లేచి దూరంగా వెళ్లాను. పడవలు వస్తున్నాయి, పోతున్నాయి. ఫోటోలవాడు మళ్లీ వచ్చి కెమెరా చూపించాడు, వద్దని చెయ్యి ఊపాను. తిరిగి వచ్చేసరికి ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఒరిగి ఏడుస్తున్నారు. ఏడుపు ఆగాక చిన్నవ్వ వేయించిన పల్లీల పొట్లం కొని ముగ్గురికీ పంచింది. అవ్వ ఒకటి నోట్లో వేసుకుని, "మన దిక్కు పల్లీలు దీనికంటె రుచుంటయి" అంది.

"అయితే తినకు, ఇటియ్యి" అని చిన్నవ్వ పొట్లం లాక్కుంది. ఆ క్షణం నుంచి వాళ్లిద్దరూ మాటకు మాట తగవు పడుతూనే ఉన్నారు. అక్కచెల్లెళ్లు అప్పుడు నిజంగా కలుసుకున్నారనిపించింది.

దాదర్ పూలు, వర్లీ సముద్రం

సద్దుల బతుకమ్మ రోజు తెల్లవారుతూనే దాదర్ పూల బజారుకు వెళ్లాం. అంత పూలరాశి నేనెప్పుడూ చూడలేదు. బంతి, చామంతి గుట్టలు గుట్టలుగా పోసి తూకానికి అమ్ముతున్నారు. మన ఊళ్లో చేనుగట్టున ఊరికే తెంపుకునేవాటిని తూచి కొనడం చూసి అవ్వకు ఒళ్లు మండింది. పైగా తంగేడు లేదు, గునుగు లేదు.

"తంగేడు లేని బతుకమ్మ బతుకమ్మనా?" అంది అవ్వ.

"నేను ఇన్నేండ్ల సంది బంతిపూలతోటే పేరుస్తున్న. గౌరమ్మ ఎన్నడన్న వద్దన్నదా?" అంది చిన్నవ్వ.

సాయంత్రం చాళ్ల మధ్య ఖాళీ స్థలంలో తెలుగు ఆడవాళ్లంతా చేరారు. పాలమూరువాళ్లు, నల్లగొండవాళ్లు, కరీంనగర్‌వాళ్లు. పాట ఒకటే, యాసలు వేరు. మరాఠీ ఆడవాళ్లు మొదట మెట్ల మీద కూర్చుని చూశారు. తరువాత నలుగురైదుగురు లేచి వలయంలో కలిశారు. మాట రాకపోయినా చప్పట్లు తప్పలేదు. అవ్వ కొసన నిలబడి మొదలుపెట్టి, కాసేపటికి అందరికంటే గట్టిగా పాడుతున్నది. ఆమె గొంతులో అంత పాట ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

బతుకమ్మలను నెత్తిన పెట్టుకుని సముద్రానికి వెళ్లారు. మన దగ్గర నీటిలో వదిలితే మెల్లగా తేలిపోతుంది. సముద్రం అట్లా కాదు, వదిలినదాన్ని తిరిగి ఒడ్డుకు నెడుతుంది. అవ్వ బతుకమ్మ రెండుసార్లు తిరిగివచ్చింది. చిన్నవ్వ మోకాళ్లదాకా నీళ్లలోకి దిగి, అల వెనక్కి పోయే సమయం చూసి, ఒక్క తోపు తోసింది. పూలు విడిపోయి నీళ్లన్నీ పసుపుపచ్చగా అయ్యాయి.

దసరా రోజు ఇంకో సంగతి చూశాను. మనం జమ్మి ఆకు ఇచ్చి బంగారం అంటాం. వాళ్లు రెండు గిట్టల్లా ఉండే వేరే ఆకు ఇచ్చి బంగారమే అంటారు. నడవలో నా కాళ్ల దగ్గర పడుకున్న మరాఠీ ఆయన వచ్చి నా చేతిలో ఆ ఆకు పెట్టి కౌగిలించుకున్నాడు.

తిరుగు బండి

బయలుదేరే రోజు నేను పొద్దుటే మూటలు కట్టాను. ఇద్దరవ్వలూ పొయ్యి దగ్గరే ఉన్నారు. మా అవ్వ తడుతున్నది, చిన్నవ్వ కాలుస్తున్నది.

"బండికి యాళ్ల అయితాంది అవ్వా, లెవ్వు."

"రొట్టె మీదున్న, ఆగు" అంది అవ్వ. ఆ రొట్టె అయింది, ఇంకోటి అయింది. చివరికి పిండి చేతులు కడుక్కోకుండానే నావైపు తిరిగింది. "నువ్వు పో కొడుకా. నేనింక కొన్నొద్దులు ఉంట."

నేను చేతిలో మూట కింద పెట్టాను. "నాయినకేం చెప్పాలె?"

"నీ తల్లి తన చెల్లె ఇంట్ల ఉందని చెప్పు. పుట్టింటికి పోయిందనుకో అని చెప్పు. నాకు ఇంక గిదే పుట్టిల్లు."

"కన్ను సంగతి?"

"గీడ దవాఖానలు లెవ్వా?" అని జవాబిచ్చింది చిన్నవ్వ. "మా కోడలు తోల్కపోతది. నువ్వు ఫికర్ జెయ్యకు."

చెప్పవలసినవి చాలానే ఉన్నాయి. గది చిన్నది, చలికాలం వస్తున్నది, నాయిన నన్ను ఇంట్లోకి రానివ్వడు. కాని అవ్వ అప్పటికే ఇంకో పిండి ముద్ద చేతిలోకి తీసుకుంది. ఆ చేతుల్లో తొందర లేదు. మా ఇంట్లో ఆమె ఎప్పుడు వంట చేసినా ఎవరో పిలుస్తారని ఒక చెవి వాకిలివైపే పెట్టి చేసేది. ఇక్కడ అట్లా లేదు. నేను ఆమె మూట విప్పి, చీరలు తీసి చిన్నవ్వ పెట్టె మీద పెట్టాను.

దాదర్ స్టేషన్ దాకా ఇద్దరూ వచ్చారు. రద్దీలో తోసుకుంటూ నన్ను ఎక్కించి, కిటికీలోంచి నీళ్లచెంబు అందించారు. అవ్వ నా చెంప నిమిరి, "పైలంగ పో" అంది. బండి కదిలింది. నేను చెయ్యి బయటికి పెట్టి ఊపుతూనే ఉన్నాను. వాళ్లు మాత్రం అప్పటికే ఒకరివైపు ఒకరు తిరిగిపోయి, దేనికో చేతులు తిప్పుకుంటూ గట్టిగా మాట్లాడుకుంటున్నారు. నన్ను చూడలేదు.